ఫ్లైట్ 1 గంట 5 నిమిషాలే.. మరి ఇంటికి చేరేదెప్పుడు?

ఈ సైట్ చదివేవాళ్లకి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బాక్స్ మీద 5000 ఎంఏహెచ్ అని రాసుంటే మనం ఊరికే నమ్మం. 5జీ ఆన్‌లో పెట్టి, బ్రైట్‌నెస్ పెంచి, ఎండలో మ్యాప్స్ వాడితే సాయంత్రానికి ఎంత మిగులుతుంది అని అడుగుతాం. 120 వాట్ల ఛార్జర్ అంటే "అది సరే, సున్నా నుంచి వందకి ఎన్ని నిమిషాలు?" అంటాం. బెంచ్‌మార్క్ స్కోర్ ఎంతొచ్చినా అరగంట గేమ్ ఆడాక ఫోన్ ఎంత వేడెక్కిందో చూశాకే మార్కులు వేస్తాం.

అదే ఫోన్‌లో ట్రావెల్ యాప్ తెరిచి హైదరాబాద్ నుంచి విజయవాడ అని కొడితే "1గం 5ని" అని ఒక నంబర్ వస్తుంది. దాన్ని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నమ్మేస్తాం. నేనూ నమ్మాను. అందుకే ఈ ఆర్టికల్.

గతేడాది జనవరిలో ఒక రాత్రి పదిన్నర దాటాక అమ్మ ఫోన్ చేసింది. అమ్మమ్మని విజయవాడలో, భవానీపురం వైపు ఒక ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. "కంగారేం లేదు గానీ, వీలైతే వచ్చెయ్ నాన్నా" అంది. మన అమ్మలు "కంగారేం లేదు" అన్నారంటే దానర్థం ఏంటో మీకూ తెలుసు. నేనుండేది శేరిలింగంపల్లిలో, నల్లగండ్ల దగ్గర. వెంటనే యాప్ తెరిచాను. పొద్దున్న 7:20కి ఫ్లైట్, 1గం 5ని, పక్కనే ఆకుపచ్చ రంగులో "అత్యంత వేగం" అని బ్యాడ్జ్. దాని కింద బస్సు, 6గం 15ని, బ్యాడ్జ్ ఏమీ లేదు. మా రూమ్మేట్ "రేయ్, మియాపూర్‌లో పదకొండున్నరకి బస్సుందిరా, బండి మీద డ్రాప్ చేస్తా పద" అన్నాడు. నేను ఫోన్ స్క్రీన్ వాడికి చూపించాను. గంటెక్కడ, ఆరు గంటలెక్కడ!

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను: "పొద్దున్నే ఫ్లైట్‌కి వస్తున్నానమ్మా. గంటే."

తెల్లవారుజామున 4:45కి ఇంట్లోంచి బయటపడ్డాను. క్యాబ్, ఓఆర్ఆర్, శంషాబాద్, డిజియాత్ర గేట్, సెక్యూరిటీ. 6:10కల్లా బోర్డింగ్ గేట్ ముందు కూర్చున్నాను. ఫ్లైట్ 50 నిమిషాలు లేటన్నారు. గన్నవరంలో దిగి బయటికొచ్చేసరికి తొమ్మిదింబావు. అక్కణ్నుంచి రామవరప్పాడు రింగ్ దాటి, ఊరంతా ఈదుకుంటూ ఆసుపత్రి చేరేసరికి 10:25.

అమ్మమ్మ ఆరున్నరకి కళ్లు తెరిచిందట. ఏడింటికి పెద్ద మావయ్యతో, అమ్మతో మాట్లాడింది. "వాడు బయల్దేరాడా?" అని అడిగింది. "బయల్దేరాడమ్మా, విమానంలో వస్తున్నాడు, గంటలో ఉంటాడు" అని అమ్మ చెప్పింది. ఎనిమిదింటికి వెంటిలేటర్ పెట్టారు. నేను వెళ్లేసరికి ఆవిడ చెయ్యి వెచ్చగానే ఉంది గానీ కళ్లు తెరవలేదు. మూడు రోజుల తర్వాత పోయింది.

తప్పు లేటయిన ఫ్లైట్‌ది అనుకుంటున్నారా? నేనూ మొదట అలాగే అనుకుని ఆ ఎయిర్‌లైన్‌కి ఘాటుగా ఒక మెయిల్ కొట్టాను. తర్వాత తీరిగ్గా లెక్కేసుకుంటే అర్థమైంది. ఫ్లైట్ టైముకే వెళ్లినా నేను ఆసుపత్రికి చేరేది 9:35కి. రూమ్మేట్ చెప్పిన బస్సు ఎక్కుంటే 5:45కి భవానీపురంలోనే దిగేవాణ్ని. హైదరాబాద్ బస్సులు ఊళ్లోకి వచ్చేదే అటు నుంచి. ఆ లెక్క ఆ రాత్రి కూడా అదే స్క్రీన్ మీద ఉంది, చిన్న అక్షరాల్లో. నేను చదివింది పెద్ద అక్షరాలు.

అసలు ఆ నంబర్ ఎక్కడిది?

ముందు దూరం సంగతి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే పేజీలు బోలెడుంటాయి. చాలావాటి వెనకున్నది హావర్‌సైన్ ఫార్ములా. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి బంతి అనుకుని, దాని ఉపరితలం మీద అతి దగ్గరి దారి ఎంతో చెబుతుంది. పది లైన్ల కోడ్, బీటెక్ సెకండియర్‌లో ల్యాబ్‌లో రాసేంత. భూమి నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అర శాతం లోపు తేడా రావచ్చు. మనకది లెక్కలోది కాదు. శంషాబాద్ నుంచి గన్నవరానికి ఇలా లెక్కేస్తే దాదాపు 264 కిలోమీటర్లు వస్తుంది. గంటకి 800 కిలోమీటర్ల వేగమని భాగిస్తే ఇరవై నిమిషాలు. కాగితం మీద అంతే.

విమానం కాగితం మీద ఎగరదు. శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు-పడమరగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి, పడమటి గాలి వీచే రోజు మీరు వెళ్లాల్సింది తూర్పుకైనా ముందు పడమరకే లేచి అక్కణ్నుంచి చుట్టు తిరగాలి. గన్నవరం రన్‌వే కూడా దాదాపు అదే దిశలో ఉంటుంది. అక్కడా పడమటి గాలి ఉంటే ఎయిర్‌పోర్ట్ దాటి ముందుకెళ్లి వెనక్కి తిరిగి దిగాలి. ఇంత చిన్న దూరంలో జెట్ విమానం పూర్తి వేగం అందుకుని స్థిమితపడేలోపే దిగడం మొదలుపెడుతుంది. అందుకే గంటకి 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కీ, 800 దాటే ఎయిర్‌బస్ ఏ320కీ మధ్య మీకు మిగిలేది పది, పదిహేను నిమిషాలే. పేపర్ మీద స్పెక్ ఒకటిన్నర రెట్లు. వాడకంలో తేడా ఒక టీ తాగేంత.

మరి 1గం 5ని ఏంటి? దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. పార్కింగ్‌లో ఉన్న విమానం చక్రాల దగ్గర అడ్డు దిమ్మలు తీసి వెనక్కి నెట్టిన క్షణం నుంచి, అవతలి ఎయిర్‌పోర్టులో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. అంటే రన్‌వే దాకా వెళ్లడం, అక్కడ వంతు కోసం ఆగడం, ఎగరడం, దిగి మళ్లీ పార్కింగ్‌కి రావడం, అన్నీ కలిపి. పైన కాస్త పిడికెడు అదనంగా కూడా వేస్తారు. షెడ్యూల్ టైముకి పదిహేను నిమిషాల లోపు వస్తే "ఆన్ టైమ్" అన్నది ఈ పరిశ్రమ వాడే లెక్క. అందుకని కొంచెం పెంచి రాసుకుంటే స్కోరు బాగుంటుంది. పైలట్ "పది నిమిషాలు ముందే వచ్చేశాం" అని మురిపెంగా అనౌన్స్ చేస్తాడు చూడండి, అది ఇక్కడి చలవే.

ఇందులో మోసమేమీ లేదు. పైలట్ల డ్యూటీ గంటలకీ, ఎయిర్‌పోర్ట్ స్లాట్లకీ, ఆ విమానం రోజుకి ఎన్ని ట్రిప్పులు వేయగలదో చూసుకోడానికీ ఎయిర్‌లైన్‌కి ఆ నంబర్ కావాలి. అది విమానం గురించిన నంబర్, మన గురించిన నంబర్ కాదు. నా గొడవల్లా దాన్ని యథాతథంగా తీసుకొచ్చి, మన ఇంటి దగ్గర మొదలై వాళ్ల ఊళ్లో ఆగే బస్సు టైము పక్కన పెట్టి, పైన "అత్యంత వేగం" అని ముద్ర కొట్టే యాప్‌తోనే.

నేను లాగ్ చేసిన ట్రిప్పులు

ఆ తర్వాత విజయవాడ, వైజాగ్ వెళ్లిన ప్రతిసారీ ఫోన్‌లో జీపీఎస్ లాగర్ ఆన్ చేసి పెట్టుకున్నాను. గుమ్మం దాటినప్పుడు స్టార్ట్, అవతలి గుమ్మం ఎక్కినప్పుడు స్టాప్. దుఃఖంలో ఉన్నవాడు స్ప్రెడ్‌షీట్ ఎందుకు పెట్టుకుంటాడని అడక్కండి, మా జాతికి తెలిసిన ఓదార్పు అదొక్కటే.

ఇక్కడ గ్యాడ్జెట్ ముక్క ఒకటి. ఫ్లైట్ మోడ్‌లో జీపీఎస్ పనిచెయ్యదని చాలామంది అనుకుంటారు. ఇప్పటి ఫోన్లలో పనిచేస్తుంది. జీపీఎస్ చిప్ సిగ్నల్ వింటుందే తప్ప పంపదు కాబట్టి ఫ్లైట్ మోడ్ దాన్ని ముట్టుకోదు. కాకపోతే నెట్ ఉన్నప్పుడు ఉపగ్రహాల వివరాలు సర్వర్ నుంచి చటుక్కున వచ్చేస్తాయి, నెట్ లేకపోతే ఆకాశం నుంచే నెమ్మదిగా దించుకోవాలి. అందుకని టేకాఫ్‌కి ముందే ఒకసారి లొకేషన్ లాక్ చేయించి, కిటికీ సీట్లో అద్దానికి దగ్గరగా పెట్టుకోండి. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్ చేసుకుంటే కృష్ణ మీదుగా వెళ్తున్నారో లేదో కూడా చూడొచ్చు. బారోమీటర్ ఉన్న ఫోనైతే అది చూపించే ఎత్తు చూసి కంగారుపడకండి. అది కొలిచేది క్యాబిన్ లోపలి గాలి పీడనం, బయటి ఎత్తు కాదు.

లాగ్‌లో తేలిందేంటంటే, నల్లగండ్ల నుంచి భవానీపురానికి ఫ్లైట్‌లో నాకు పట్టే సమయం ఇంచుమించు అయిదు గంటలు. ఓఆర్ఆర్ ఎక్కితే శంషాబాద్ దూరమేం కాదు, ఎక్కడమే కష్టం. శుక్రవారం సాయంత్రం ఆఫీసులన్నీ వదిలాక గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాటడానికి పట్టిన టైములో ఒకసారి విమానం విజయవాడ వెళ్లి దిగేది. డిజియాత్ర వచ్చాక ఎంట్రీ దగ్గర క్యూ తగ్గిన మాట నిజమే. కానీ గేట్ ఎలాగూ బయల్దేరే టైముకి 25 నిమిషాల ముందే మూసేస్తారు. డిజియాత్రలో మిగిల్చిన పదిహేను నిమిషాలూ గేట్ దగ్గర కుర్చీలో ఖర్చవుతాయి. అటు గన్నవరం విజయవాడకి తూర్పున ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లే విమానం ఊరు దాటి అవతల దిగుతుంది, మనం కారెక్కి మళ్లీ హైదరాబాద్ వైపే వెనక్కి రావాలి.

తమాషా ఏంటంటే, మా గుమ్మం నుంచి ఆ ఆసుపత్రి గుమ్మానికి సూటి దూరం కూడా దాదాపు 265 కిలోమీటర్లే. అయిదు గంటల్లో 265 అంటే గంటకి 53. విమానం ఎక్కి నేను సాధించిన వేగం అది. నా బైక్ స్పీడోమీటర్ మీద ఆ నంబర్ చూస్తే వెనకాలోడు హారన్ కొడతాడు.

మనలో చాలామందిది సాఫ్ట్‌వేరే కాబట్టి మన భాషలోనే చెబుతా. ఇది బ్యాండ్‌విడ్త్ సమస్య కాదు, లేటెన్సీ సమస్య. ఎయిర్‌పోర్టుకి వెళ్లడం, లోపల కాచుకోవడం, దిగాక బయటపడటం, ఇదంతా ఒక్కసారి కట్టాల్సిన ఓవర్‌హెడ్. ఫైల్ చిన్నదైతే ట్రాన్స్‌ఫర్ కన్నా హ్యాండ్‌షేక్‌కే ఎక్కువ టైము పోతుంది. వైజాగ్ చూడండి. శంషాబాద్ నుంచి 512 కిలోమీటర్లు, అంటే విజయవాడకి దాదాపు రెండింతలు. ఫ్లైట్ టైము మాత్రం ఓ పావుగంట పెరుగుతుంది, అంతే. గుమ్మం నుంచి గుమ్మానికి నాకు అక్కడికీ అయిదు గంటల చిల్లరే, ఎందుకంటే ఇప్పటిదాకా వైజాగ్ ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఏడీ పక్కన, ఊళ్లోనే. 2023 జనవరిలో మొదలైన వందే భారత్‌కి సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అయితే రాత్రంతా. కాబట్టి వైజాగ్‌కి ఫ్లైట్ కళ్లు మూసుకుని ఎక్కొచ్చు. విజయవాడకి కళ్లు తెరిచి లెక్కేసుకోవాలి. ఇంకా దూరం పోతే గొడవే లేదు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా ఫ్లైట్ వేసినప్పుడు దూరం 13 వేల కిలోమీటర్ల పైమాటే. అందులో శంషాబాద్ దాకా పోయే గంట ఏపాటి! అక్కడ వేరే తలనొప్పులుంటాయి, ఎవరి ఆకాశం మూసి ఉంటే ఎంత చుట్టు తిరగాలి లాంటివి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే సర్వీసులు ఎంత వంకర తిరిగాయో చూశాం.

యాప్ స్క్రీన్ మీద ఇవేవీ కనబడవు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌కి మారినప్పుడు ఊరి ఉత్తరాన ఉన్నవాళ్లకి ప్రయాణం ఎంత పెరిగిందో అప్పటి ఫ్లైట్ టైముల్లో కనబడి ఉండదు. రేపు వైజాగ్ విమానాలు భోగాపురం మారాక కూడా అంతే. గాల్లో దూరం ఓ ముప్ఫై కిలోమీటర్లు పెరుగుతుంది, అంటే రెండు మూడు నిమిషాలు. నేల మీద గాజువాకలో ఉండే వాళ్లకి గంట పైన పెరుగుతుంది. యాప్ ఆ రెండు మూడు నిమిషాలే చూపిస్తుంది. మన వైపు చూస్తే, 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్ల ఎయిర్‌పోర్ట్ మెట్రోకి శంకుస్థాపన చేశారు. తర్వాత ప్రభుత్వం మారింది, దారి నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా మారింది. ఏది మంచిదన్న వాదన ఇక్కడ వద్దు. మనకి మాత్రం పుష్పక్ బస్సూ, క్యాబే గతి.

యాప్ ఏం చెయ్యాలి?

నేనడిగేది రాకెట్ సైన్స్ కాదు. నేనెక్కడున్నానో ఆ యాప్‌కి తెలుసు, ఇన్‌స్టాల్ చేసిన రోజే లొకేషన్ పర్మిషన్ అడిగి తీసుకుంది. ఎక్కడికి వెళ్తున్నానో నేనే టైప్ చేశాను. ఏ రోజు ఏ గంటకి ఓఆర్ఆర్ ఎంత రద్దీగా ఉంటుందో చెప్పే ట్రాఫిక్ ఏపీఐలు డబ్బులిస్తే దొరుకుతాయి. గేట్ మూసే టైము తెలుసు. ఆ ఫ్లైట్ గత రెండు నెలల్లో ఎన్నిసార్లు ఎంత లేటయిందో ట్రాకింగ్ సైట్లలో ఉంది. ఇవన్నీ కలిపి "ఇప్పుడు బుక్ చేస్తే భవానీపురం చేరేది 9:30 నుంచి 10:45 మధ్య" అని ఒక్క లైను రాయడానికి ఏమడ్డం?

అదీ ఒకే నంబర్‌గా కాదు, రేంజ్‌గా ఇవ్వాలి. ఆఫీసులో మన సర్వీస్ సగటు రెస్పాన్స్ టైమ్ చూపించి "బాగానే ఉంది" అంటే మేనేజర్ ఊరుకుంటాడా? పీ95 ఎంత అని నిలదీస్తాడు. వంద రిక్వెస్టుల్లో మిగిలిన ఆ అయిదింటి గతేంటని. ఆసుపత్రికి వెళ్లే మనిషి ఆ అయిదింట్లో ఒకడు. అతనికి సగటుతో పన్లేదు.

ఇంకొకటి, సార్టింగ్. "తక్కువ సమయం" అని కాకుండా "ముందు చేరేది" అని డీఫాల్ట్ ఉండాలి. ఆ రాత్రి అలా సార్ట్ చేసి ఉంటే బస్సు పైనుండేది.

ఒక ట్రావెల్ కంపెనీలో ప్రొడక్ట్ టీమ్‌లో పనిచేసే నా ఫ్రెండ్‌కి ఇదంతా చెప్పాను. రెండు అభ్యంతరాలు చెప్పాడు. ఒకటి ప్రైవసీ, జనం ఇంటి లొకేషన్ వాడితే గోల చేస్తారట. నిజమే, చెయ్యాలి కూడా. కానీ దీనికి ఇంటి నంబర్ అక్కర్లేదు, పిన్‌కోడ్ చాలు, లెక్క ఫోన్‌లోనే చెయ్యొచ్చు. రెండోది, ఫ్లైట్ నాలుగైదు గంటలని చూపిస్తే టికెట్లు ఎవడు కొంటాడని నవ్వాడు. ఆ రెండో కారణమే అసలుదని నా అనుమానం. ఫ్లైట్ టికెట్ రేటెంత, బస్ టికెట్ రేటెంత, మీరే చూసుకోండి.

వాళ్లు చేసేదాకా నేనే ఒక చిన్న వెబ్ పేజీ రాసుకున్నాను. బయల్దేరే చోటు, చేరే చోటు, ఎన్నింటికల్లా అక్కడుండాలి, ఈ మూడూ ఇస్తే నా లాగ్‌లోని టైములు కలిపి లెక్క చెబుతుంది. డిజైన్ ఘోరంగా ఉంటుంది, నేను బ్యాకెండ్ మనిషిని. మా రూమ్మేట్ దానికి "మియాపూర్ డాట్ కామ్" అని పేరు పెట్టాడు, వాడి బస్సు మాట నేను విన్లేదన్న కసితో.

మొన్న జనవరిలో అమ్మమ్మ సంవత్సరీకానికి వెళ్లాలి. ఆ పేజీలో కొడితే మొదట వచ్చింది గౌతమి. లింగంపల్లి స్టేషన్ మా ఇంటికి ఆటో దూరం, రాత్రి ఎక్కితే తెల్లారకముందే బెజవాడ. బెర్త్ దొరికింది. రైలు కదిలాక అమ్మ ఫోన్ చేసి ఎన్నింటికి వస్తున్నావని అడిగింది. "మూడు, మూడున్నర మధ్యలో స్టేషన్‌లో దిగుతానమ్మా. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటా" అన్నాను. తలుపు గడియ పెట్టకుండా ఉంచుతానంది.